“అన్నీ క్లియరేనండీ” అన్న మాటకు జవాబుదారీ ఎవరు?

ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల ఇంటి స్థలం కొనాలనుకునే తెలుగువాళ్ల చేతికి ముందుగా అందేది కరపత్రం. పట్టా నకలు ఆ తరవాతెప్పుడో వస్తుంది, అదీ గట్టిగా అడిగితే. నున్నటి కాగితానికి ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా, మధ్యలో ఏ దేశపు ఫొటోనో తెలియని పచ్చిక బయలు, అడుగున ఫోన్ నంబర్లు. గోపాలపురం రేవుకు పది నిమిషాల దూరం, 40 అడుగుల సిమెంటు రోడ్లు, అథారిటీ ఆమోదించిన లేఅవుట్, అన్ని బ్యాంకుల రుణ సదుపాయం, వివాదరహితమైన టైటిల్ అని వరుసగా ఉంటాయి. రాయగడ వైపు అయితే రేవు స్థానంలో రైల్వే డివిజన్ ఆఫీసు వచ్చి చేరుతుంది. కాగితం మీద పట్టనిదేదైనా మిగిలితే దాన్ని మధ్యవర్తి నోటితో పూర్తి చేస్తాడు: “అన్నీ క్లియరేనండీ, మీరేం చూసుకోనక్కర్లేదు.”

ఈ మాటల్లో ఏదైనా అబద్ధమని తేలితే చట్టం ముందు దానికి ఎవరు జవాబు చెప్పాలన్నదే ఇక్కడ నా విషయం. నేను న్యాయవాదిని కాను. ఒక బ్యాంకులో గృహరుణాల బల్ల దగ్గర చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. న్యాయవాదులు రాసే టైటిల్ నివేదికలు చదవడం, వాటిలో లోపం బయటపడినప్పుడు దరఖాస్తుదారుకు నచ్చజెప్పడం నా రోజువారీ పనిగా ఉండేది కాబట్టి, ఈ చట్టాలు నాకు పుస్తకాల్లోకంటే ఫైళ్లలోనే ఎక్కువ పరిచయం. ఆ ఫైళ్ల వల్ల నాకు కలిగిన అభిప్రాయం ఇది: అమ్మేవాడు నోరు మెదపకుండా ఊరుకున్నచోట మన చట్టాలు కొనేవాడికి పెద్దగా అక్కరకు రావు, అతను ఒక మాట చెప్పినచోట, అందులోనూ రాసి ఇచ్చినచోట, గట్టిగానే అక్కరకు వస్తాయి. అందుచేత కొనేవాడు చేయవలసిన మొదటి పని అమ్మేవాడిచేత మాట్లాడించడం.

అయితే ప్రతి మాటా బాధ్యత తెచ్చిపెట్టదు. భూతల స్వర్గం, మీ కలల సౌధం, బంగారంలాంటి పెట్టుబడి వంటివి వట్టి పొగడ్తలు. వాటిని నమ్మి నష్టపోయానని ఏ కోర్టుకు వెళ్లినా ఫలితం ఉండదు. కొలిచి, సరిచూసి తేల్చగల మాటలు వేరు. రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, అనుమతి సంఖ్య, భూమి రకం, యజమాని పేరు ఈ కోవలోవి. విస్తీర్ణం దగ్గర మా సరిహద్దు ప్రాంతానికి ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి ఉంది. శ్రీకాకుళం వైపు సెంటు అనేదాన్ని ఇక్కడి పట్టాలో డెసిమల్ అంటారు, రెండూ ఎకరంలో నూరో వంతు, అంటే 48.4 గజాలు, కాబట్టి పేచీ లేదు. గుంట అలా కాదు. కటక్, భువనేశ్వర్ లెక్కలో 25 గుంటలు ఎకరం. తెలంగాణ లెక్కలో 40 గుంటలు ఎకరం. గుంటల్లో బేరం మాట్లాడి, ఏ లెక్క గుంటో చెప్పకుండా బయానా పుచ్చుకుంటే స్థలం విస్తీర్ణంలో మూడో వంతుకు మించి తేడా వస్తుంది. విస్తీర్ణాన్ని చదరపు అడుగుల్లో రాయించుకోనంతవరకు ఎవరు ఎవరిని తప్పుదారి పట్టించారో తేల్చడం కూడా కష్టమే.

మూడో రకం మాటలు భవిష్యత్తుకు సంబంధించినవి, మా వైపు వీటి వాడకమే ఎక్కువ. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌తో పాటు రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. డివిజన్ కార్యాలయ భవనానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కాబట్టి రాయగడకు డివిజన్ వస్తోందని కరపత్రంలో వేస్తే అందులో అబద్ధం లేదు. ఆ ఆఫీసు మా లేఅవుట్‌కు ఎదురుగానే అని వేస్తే మాత్రం అది ఈరోజే వెళ్లి సరిచూడగల మాట అవుతుంది. రెండేళ్లలో ధర రెట్టింపు అవుతుందనేది జోస్యం. జోస్యం ఫలించకపోవడం మోసం కాదు. కానీ నెరవేర్చే ఉద్దేశం ఏమాత్రం లేకుండా చేసిన వాగ్దానం కూడా మోసమేనని కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పార్కు వస్తుందని కరపత్రంలో గీసి, ఆ పార్కు జాగాను అప్పటికే వేరొకరికి అమ్ముకున్నవాడు జోస్యం చెప్పానని తప్పించుకోలేడు.

ఇక అమ్మేవాళ్లలో తేడాలు చూడాలి. తన పాత ఇంటిని అమ్ముకుంటున్న పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడికీ, పొలం కొని ముక్కలు చేసి అమ్మే వ్యాపారికీ చట్టం ఒకే కొలత వాడదు. మొదటివాడికి వర్తించేవి ముఖ్యంగా రెండు పాత చట్టాలు: 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. తెలిసి చెప్పిన అబద్ధం మోసం. నిజమని తాను నమ్మినా, తగిన ఆధారం లేకుండా ఖాయంగా చెప్పిన తప్పుడు వివరం మోసం కాకపోయినా 18వ సెక్షన్ కిందికి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ కొన్నవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు; లేదా ఒప్పందాన్ని నిలుపుకుని, ఆ మాట నిజమై ఉంటే తాను ఏ స్థితిలో ఉండేవాడో ఆ స్థితికి తనను తీసుకురావాలని కోరవచ్చు. 19వ సెక్షన్‌లోని ఈ రెండో వెసులుబాటు చాలామంది కక్షిదారుల దృష్టికి రాదు. ఇల్లు వదులుకోవడం ఇష్టంలేనివాళ్లకు పనికొచ్చేది నిజానికి అదే.

మౌనం సంగతి వేరు. ఊరికే మాట్లాడకుండా ఉండటం మోసం కాదని, చెప్పవలసిన విధి ఉన్నప్పుడే మౌనం మోసమవుతుందని 17వ సెక్షన్ వివరణ అంటుంది. స్థిరాస్తి అమ్మకంలో ఆ విధిని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కొంతవరకు విధిస్తుంది: ఆస్తిలోగాని, హక్కులోగాని తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు కొనేవాడికి వెల్లడించాలి. వాక్యం అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆ లోపం కొనేవాడికి తెలియనిదై ఉండాలి, మామూలు జాగ్రత్త తీసుకున్నా కనిపెట్టలేనిదై ఉండాలి అని దానికి తోక ఉంది. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ కూడా ఇదే దారి పట్టి, తప్పుడు వివరం వల్లగాని మౌనం వల్లగాని మోసపోయినవాడికి నిజం తెలుసుకునే మార్గం మామూలు శ్రద్ధతో అందుబాటులో ఉండి ఉంటే ఒప్పందం రద్దు కాదంటుంది.

ఇప్పటి కాలంలో ఆ తోక బాగా పొడవైంది. ఒడిశాలో ఏ ఊరి పట్టా అయినా భూలేఖ్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. జిల్లా, తహసీలు, గ్రామం ఎంచుకుని ఖాతా నంబరో ప్లాట్ నంబరో ఇస్తే యజమాని పేరు, భూమి కిసం, విస్తీర్ణం కనిపిస్తాయి; ఇళ్లు కట్టుకునే ఘరబారి భూమా, వరి పండే సారద భూమా అన్నది కిసం గడిలోనే తేలిపోతుంది. సాగు భూమిని ఇంటి స్థలంగా మార్చుకోవడానికి ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద తహసీల్దారు అనుమతి ఉండాలి. అది లేకుండా సారద భూమిని ఇళ్ల స్థలమని అమ్మినవాడు, కొన్నవాడు నిలదీసినప్పుడు, “ఫోన్లో చూసుకుంటే కనిపించేదే కదా, నేనేం దాచాను?” అనగలడు. రికార్డు ఎంత తేలిగ్గా అందుబాటులోకి వస్తే మౌనంగా ఉన్న అమ్మకందారుకు అంత రక్షణ పెరగడం వింతగానే ఉంటుంది గాని, చట్టం రాత అలా ఉంది. పైగా ఆ పట్టా ఒడియాలో ఉంటుంది. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి ఇక్కడి పాత కుటుంబాల బీరువాల్లో తెలుగు దస్తావేజులు ఇంకా కనిపిస్తాయి. ఇప్పటివి తెలుగులో ఉండవు. బరంపురం తెలుగువాళ్లకు ఒడియా మాట్లాడటం మంచినీళ్ల ప్రాయం, చదవడం దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. లిపి రాదు గనక చూసుకోలేకపోయానన్న వాదనను కోర్టు మన్నిస్తుందని నేనైతే ఆశ పెట్టుకోను. చదవగలిగినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం కూడా మామూలు జాగ్రత్తలో భాగమే.

మాట్లాడించాలని నేను అంటున్నది ఇందుకే. “ఈ స్థలం మీద కోర్టు కేసు, తాకట్టు, వారసుల తగాదా ఏమైనా ఉన్నాయా? భూమి ఇంటి స్థలంగా మారిందా? వివరంగా రాయండి” అని వాట్సాప్‌లో ఒక సందేశం పంపి, జవాబు వచ్చేదాకా బయానా ఇవ్వకుండా ఆగితే, అమ్మేవాడికి మౌనం ఇచ్చే రక్షణ పోతుంది. ఏవీ లేవని అతను రాస్తే, ఉన్నాయని తెలిసీ అలా రాశాడని తరవాత రుజువైతే, అది ఎదురుగా చెప్పిన అబద్ధం. “నువ్వు చూసుకోవలసింది” అన్న మినహాయింపు తప్పుడు వివరానికీ మౌనానికీ ఉంది గాని, తెలిసి చెప్పిన అబద్ధానికి లేదు. ఇలా అడిగితే పెద్దమనుషులు ఏమనుకుంటారోనని మొహమాటపడేవాళ్లు మనలో ఎక్కువ. అమ్మేవాడు బావగారి తమ్ముడో, గుడి కమిటీలో మనిషో అయి ఉంటాడు. ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటుందని బల్ల ఇవతల కూర్చుని చూశాను.

మౌనం అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది గిరిజనుల భూమి విషయంలో. రాయగడ, కొరాపుట్, నవరంగపురం, మల్కానగిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా (ఈ రాయగడ వేరు, ఆ జిల్లా కేంద్రం వేరు) వాటిలోకి వస్తాయి. ఈ ప్రాంతాల్లో షెడ్యూల్డు తెగల వారి స్థిరాస్తి బదిలీని 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ నియంత్రిస్తుంది. ఒకప్పుడు అధికారి అనుమతితో గిరిజనేతరుడు కొనే వీలుండేది; 2002లో వచ్చిన సవరణతో ఆ దారి మూసుకుపోయింది. షెడ్యూల్డు ప్రాంతం వెలుపల కూడా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు కులాల, తెగల వారి భూమిని ఇతరులు కొనాలంటే రెవెన్యూ అధికారి లిఖితపూర్వక అనుమతి ఉండాలి, లేకపోతే ఆ బదిలీ చెల్లదు.

ఇటు ఆంధ్ర ఏజెన్సీలో 1970 నాటి సవరణ తరవాత గిరిజనేతరులు తమలో తాము భూమి అమ్ముకోవడం కూడా నిషిద్ధం. ఒడిశా రెగ్యులేషన్ అంత దూరం వెళ్లదు. గిరిజనేతరుల మధ్య అమ్మకాన్ని అది ఆపదు. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి “ఒడిశాలో అయితే కొనుక్కోవచ్చట” అంటూ రాయగడ వచ్చేవాళ్లకు మధ్యవర్తులు చెప్పే మాట ఈ తేడా మీదే నడుస్తుంది. అందులో నిజం సగమే. ఇప్పుడు అమ్ముతున్నవాడు గిరిజనేతరుడైనా, లింకు డాక్యుమెంట్లలో, అంటే అంతకుముందు చేతులు మారిన దస్తావేజుల్లో, ఎక్కడో ఒకచోట అనుమతి లేని బదిలీ ఉంటే, ఆ తరవాతి చేతులన్నీ ఖాళీ చేతులే. ఒక ఫైలులో ఇదే జరిగింది. రెండు అమ్మకాల వెనక స్థలం ఒక కొంధ్ గిరిజన కుటుంబానిది. అనుమతి ఉత్తర్వు నకలు ఎక్కడా లేదు. ప్యానెల్ న్యాయవాది తన నివేదిక మూడో పేజీలో ఒక్క వాక్యంలో ఆ సంగతి రాసి సంతకం పెట్టారు. అమ్మేవాణ్ణి పిలిచి అడిగితే, “ఇన్నాళ్లుగా ఎవరూ అడగలేదండీ” అన్నాడు. అతను చెప్పింది నిజమే కావచ్చు. సబ్ కలెక్టరు విచారణ జరిపి ఆక్రమణదారును ఖాళీ చేయించి, భూమిని అసలు కుటుంబానికి అప్పగించే అధికారం మాత్రం అలాగే ఉంది. రుణం మంజూరు కాలేదని ఆ కొనుగోలుదారులు నా మీద చాలాకాలం కోపంగానే ఉన్నారు.

ఇలాంటి చోట్ల ఒక ఊరట ఉంది. తనకు అమ్మే అధికారం ఉందని అమ్మేవాడు హామీ ఇచ్చినట్టేనని, దస్తావేజులో వేరుగా రాసుకుంటే తప్ప, 55వ సెక్షన్ రెండో భాగం భావిస్తుంది. అతను నోరు విప్పకపోయినా ఈ హామీ అతని నెత్తిన ఉంటుంది. అందువల్ల డబ్బు వాపసు అడగవచ్చు. అప్పటికి ఆ డబ్బు అతని దగ్గర ఉండాలి, అంతే. జీపీఏ, అంటే యజమాని తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి రాసిచ్చే అధికారపత్రం, మీద జరిగే అమ్మకాలకు ఈ ఊరట కూడా పలచబడుతుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు కలిపి ఇచ్చినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. జీపీఏ కూడా రిజిస్ట్రేషన్ లాంటిదేనని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి రావచ్చు.

ఇక ముక్కలు చేసి అమ్మేవాడి సంగతి. లేఅవుట్ వేసేవాణ్ణి, ఫ్లాట్లు కట్టి అమ్మేవాణ్ణి 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అందరి నోటా రెరా, ప్రమోటరు అంటుంది. 500 చదరపు మీటర్లు మించిన భూమి, లేదా ఎనిమిది మించిన ఫ్లాట్లు ఉంటే రాష్ట్ర అథారిటీ దగ్గర నమోదు కాకుండా ప్రకటన కూడా వేయకూడదు. నమోదైన తరవాత వేసే ప్రతి ప్రకటనలో అథారిటీ వెబ్‌సైటు చిరునామా, నమోదు సంఖ్య ప్రస్ఫుటంగా కనిపించాలి. 500 చదరపు మీటర్లంటే పన్నెండు డెసిమళ్ల పైచిలుకు. మా చుట్టుపక్కల ఒకే పొలాన్ని అన్న పేరున కొంత, తమ్ముడి పేరున కొంత, బావమరిది పేరున కొంత అని చూపి ఈ హద్దు కింద ఉంచడం పరిపాటి. గేటు ఒకటే, కరపత్రం ఒకటే, రోడ్డు ఒకటే అయినప్పుడు దాన్ని ఒకే ప్రాజెక్టుగా చూడాలని వాదించడానికి ఆ కరపత్రమే మంచి సాక్ష్యం. నమోదు చేయించకపోతే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడవచ్చు.

ఈ చట్టంలో తప్పుడు ప్రకటనకు సూటిగా వర్తించేది 12వ సెక్షన్. ప్రకటనలోగాని, ప్రాస్పెక్టసులోగాని, నమూనా ఫ్లాట్‌లోగాని ఉన్న సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చినవాడు, అందులోని తప్పుడు వివరం వల్ల నష్టపోతే ప్రమోటరు పరిహారం చెల్లించాలి; అతను ప్రాజెక్టు నుంచి తప్పుకోదలిస్తే మొత్తం డబ్బు వడ్డీతో, పరిహారంతో సహా తిరిగి ఇవ్వాలి. ఇక్కడ గమనించవలసింది, ప్రమోటరు మనసులో మోసపు ఉద్దేశం ఉందని రుజువు చేసే భారం కొన్నవాడి మీద లేదు. వివరం తప్పు, దాన్ని నమ్మి డబ్బు కట్టాను, నష్టం వచ్చింది అని చూపిస్తే చాలు. ప్రకటన అనే మాటకు కూడా చట్టం ఇచ్చిన అర్థం చాలా విశాలం; ఏ మాధ్యమంలోనైనా, ఏ రూపంలోనైనా జరిగే ప్రచారమంతా అందులోకి వస్తుంది. వాట్సాప్ గ్రూపులో పంపిన బొమ్మ దానికి బయట ఉంటుందని నేను అనుకోను.

మా పేటలో ఒక చేనేత కుటుంబం కొన్న ప్లాటు సంగతి దీనికి సరిగ్గా సరిపోతుంది. కరపత్రంలో రోడ్డు 40 అడుగులు. ఆమోదిత ప్లానులో 20 అడుగులు. నేల మీద టేపు పరిచి కొలిస్తే 18. ప్రమోటరు మనిషి వచ్చి, పక్క పొలం కూడా లేఅవుట్ అయినప్పుడు అటునుంచి ఇంకో 20 అడుగులు కలుస్తాయని, అందుకే 40 అని వేశామని చెప్పాడు. కరపత్రంలో మాత్రం “భవిష్యత్తులో” అన్న మాట ఎక్కడా లేదు. ఆ కరపత్రం ఇన్నాళ్లు మిగలడానికి కారణం ఇంటావిడ దాన్ని బియ్యం డబ్బా కింద పరచడమే. 18 అడుగుల రోడ్డు మీది ప్లాటుకూ, 40 అడుగుల రోడ్డు మీది ప్లాటుకూ మధ్య విలువ తేడాను ఒక వాల్యుయరు చేత రాయించి, దాన్నే తమ నష్టంగా చూపమని నేను సలహా ఇచ్చాను. నష్టం ఎంతో అంకెలో చూపకుండా “మోసపోయాం” అని మాత్రమే రాసిన ఫిర్యాదులకు పరిహారం దక్కడం కష్టం. అన్నట్టు, రిజిస్టరైన అమ్మకపు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయడం 13వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. వీళ్ల దగ్గర తెల్లకాగితం రసీదు మీద దాదాపు సగం పుచ్చుకున్నారు.

ఫ్లాట్ల విషయంలో ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాడుకోగలిగిన లోపలి విస్తీర్ణాన్నే, అంటే కార్పెట్ ఏరియానే, లెక్కకు తీసుకోవాలి. మెట్లు, వరండాలు కలిపిన సూపర్ బిల్టప్ లెక్క కరపత్రం మీద గంభీరంగా కనిపించడానికే. కట్టడంలో లోపం స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు బయటపడి, దాన్ని ప్రమోటరు దృష్టికి తెస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. హక్కులో లోపం వల్ల కలిగిన నష్టానికి మాత్రం రెరా 18వ సెక్షన్ కింద కాలదోషం అడ్డు రాదు.

బ్యాంకు మనిషిగా నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే వాక్యం “అన్ని బ్యాంకుల రుణ సదుపాయం కలదు” అన్నది. దాన్ని చదివినవాళ్లు బ్యాంకు ఈ స్థలాన్ని పరిశీలించి మంచిదని తేల్చిందని అర్థం చేసుకుంటారు. ఏ బ్యాంకూ లేఅవుట్ మొత్తానికి అలాంటి యోగ్యతాపత్రం ఇవ్వదు. కొన్ని ప్రాజెక్టులకు ముందస్తు ఆమోదం ఉంటుంది, అది కూడా బ్యాంకు తన అప్పు భద్రత కోసం చూసుకున్నదే. బ్యాంకు న్యాయవాది నివేదిక బ్యాంకు కోసం రాసింది; అందులో తప్పు దొర్లితే కొన్నవాడు ఆ న్యాయవాది మీదో, బ్యాంకు మీదో కేసు నడపడం దాదాపు అసాధ్యం. అప్పు మాత్రం అతని పేరనే ఉంటుంది, స్థలం పోయినా వాయిదా ఆగదు. ఫలానా బ్యాంకు ముందస్తు ఆమోదం ఇచ్చిందని పేరు పెట్టి కరపత్రంలో వేసి, అది నిజం కాకపోతే, అది సరిచూడగల తప్పుడు వివరం. పేరు లేకుండా “అన్ని బ్యాంకులు” అనడంలో కిటుకు ఇదే.

వినియోగదారుల చట్టం ఇంకో ద్వారం. సుప్రీంకోర్టు 1993 చివర్లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఇళ్ల నిర్మాణాన్ని సేవగా గుర్తించింది. హైదరాబాదుకు చెందిన నార్నె కన్‌స్ట్రక్షన్ కేసులో 2012లో, రోడ్లు, డ్రైనేజీ, ఆమోదాలు అన్నీ సమకూర్చి ఇస్తామని చెప్పి అమ్మే ప్లాట్లు కూడా సేవ కిందికి వస్తాయంది. ఉన్నది ఉన్నట్టుగా అమ్మిన వట్టి స్థలానికి ఇది వర్తించదు. రెరా వచ్చినంత మాత్రాన ఈ ద్వారం మూసుకుపోలేదని 2020లో ఇంపీరియా కేసులో అదే కోర్టు స్పష్టం చేసింది. మా సరిహద్దువాళ్లకు 2019 నాటి చట్టం తెచ్చిన గొప్ప మేలు, ఫిర్యాదుదారు తాను నివసించే చోట కేసు వేయగలగడం. ఇచ్ఛాపురం మనిషి బరంపురంలో ప్లాటు కొన్నా శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. రెరా ఫిర్యాదు అయితే ప్రాజెక్టు ఉన్న రాష్ట్రపు అథారిటీ దగ్గరే. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్ చాలు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. తిరిగి అమ్ముకునే వ్యాపారం కోసం వరసగా ప్లాట్లు కొన్నవాణ్ణి ఈ చట్టం వినియోగదారుగా చూడదు.

కరపత్రం అడుగున చీమతలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో, “చిత్రాలు ఊహాజనితం, వివరాలు మారవచ్చు” అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. అది ప్రమోటరును కాపాడుతుందా అని తరచు అడుగుతారు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, అలాంటి సూచన అసలు ప్రకటనను తలకిందులు చేయకూడదు, తప్పుదారి పట్టించే మాటను సరిదిద్దే సాధనంగా పనికిరాదు, అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో 40 అడుగుల రోడ్డు చూపించి, ఇంగ్లీషులో అది ఉండకపోవచ్చనడం ఈ కొలతకు నిలవదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు ఈ అథారిటీ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ఆ సొమ్ము కొన్నవాడికి రాదనుకోండి.

మధ్యవర్తి గురించి రెండు మాటలు. నమోదైన ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ నమోదు కావాలి. నోటితో చెప్పినా, రాసిచ్చినా, లేని అనుమతి ఉందనడం రెరా 10వ సెక్షన్ ప్రకారం తప్పే. నోటి మాటను కూడా చట్టం పేరెత్తి చెప్పిన అరుదైన చోటు అది. మా వైపు మధ్యవర్తుల్లో చాలామంది అలా నమోదు కానివాళ్లు, రెండు వైపులా కమిషన్ తీసుకుని మర్నాటికి మాట మార్చేవాళ్లు. కమిషన్ యూపీఐ ద్వారా ఇస్తే అతను బేరంలో ఉన్నాడన్న ఆధారమైనా మిగులుతుంది.

పోలీసు కేసు పెడితే దారికి వస్తారని చాలామంది నమ్ముతారు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద వంచనకు ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న మాట నిజమే. డబ్బు పుచ్చుకున్న నాడే వంచించే ఉద్దేశం ఉందని చూపాలి. తరవాత మాట తప్పడం ఒక్కటే చాలదు. సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పులమవద్దని సుప్రీంకోర్టు పదేపదే చెబుతూనే ఉంది. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మినవాడు, దొంగ అనుమతి పత్రం చూపినవాడు వంటివాళ్ల మీద తప్ప, నేను ఆ దారి చూపను.

ఏ దారిలో వెళ్లినా ఆధారం కాగితమే. రాతపూర్వక దస్తావేజులోని షరతులకు విరుద్ధంగా నోటి మాటను సాక్ష్యంగా తీసుకోకూడదన్నది సాధారణ సూత్రం. మోసాన్ని రుజువు చేయడానికి దానికి మినహాయింపు ఉన్నా, “అన్నాడు, అనలేదు” అన్న వాదులాటలో గెలవడం కష్టం. వాట్సాప్ సందేశాలను కోర్టులో దాఖలు చేయడానికి 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఫోను మార్చేటప్పుడు ఆ సంభాషణను పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. పాత ఫోన్ అమ్మేయకుండా పక్కన పెట్టుకోవడం మేలు.

ఉత్తర్వు రావడం ఒక ఎత్తు, డబ్బు చేతికి రావడం ఒక ఎత్తు. రెరా ఉత్తర్వు ప్రకారం రావలసిన సొమ్మును భూమి శిస్తు బకాయిలా వసూలు చేయవచ్చని 40వ సెక్షన్ అంటుంది, అంటే ఫైలు కలెక్టరు కార్యాలయానికి వెళ్లి అక్కడి మిగతా బకాయిల వరసలో నిలబడుతుంది. ప్రమోటరు అప్పీలుకు పోవాలంటే కొన్నవాడికి చెల్లించవలసిన మొత్తం ముందుగా జమ చేయాలి; అందువల్ల అప్పీలుకు వెళ్లే ప్రమోటరే ఒక విధంగా కొన్నవాడికి మేలు. వినియోగదారుల కమిషన్ ఉత్తర్వును పాటించకపోతే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే, ప్రాజెక్టు నమోదై, ప్రమోటరుకు ఇంకా అమ్మని ప్లాట్లో ఖాతాలో డబ్బో ఉంటే రెరాకు వెళ్లమంటాను. అన్నదమ్ముల పేర్లతో ముక్కలు చేసి అమ్మేసి చేతులు దులుపుకున్నవాడి మీద అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఎంచుకోమంటాను. ఆ చేనేత కుటుంబం రెండో దారే పట్టింది. వాయిదాకు వెళ్లినప్పుడల్లా ఒక రోజు మగ్గం ఆగుతుంది. అయినా ఆ వాయిదా బరంపురంలోనే కాబట్టి వెళ్లగలుగుతున్నారు.